వెంకటరావమ్మ చెవి

పెడనలో ఆ వీధికి అటూ ఇటూ కలిపి నలభై గుంట మగ్గాలు. పొద్దున ఏడింటికి మొదలైతే దీపాలు పెట్టే వేళదాకా ఆ వీధిలో మాట వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. కొత్తగా వచ్చినవాళ్లకు తలపోటు వస్తుంది. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు అసలు చప్పుడు ఉన్నట్టే తెలియదు. వెంకటరావమ్మ ఈ రెండు రకాల్లోనూ చేరదు. ఆ రొదంతటిలోంచి తన మొగుడి మగ్గాన్ని విడిగా ఏరుకుని వినగలదు. పెరట్లో అంట్లు తోముతున్నా, వీధి కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడినా, ఒక చెవి అటే ఉండేది. పాండురంగయ్య అన్ని సంవత్సరాలు బతికాడంటే ఆ చెవి చలవే. ఈ సంగతి ఆ వీధిలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని తోచినవాళ్లూ లేరు.

వాళ్లది మేనరికం. పాండురంగయ్య తల్లి చౌడేశ్వరమ్మ వెంకటరావమ్మకు సొంత మేనత్త. చిన్న వయసులోనే భర్త పోతే ఒక్క కొడుకునూ మగ్గం మీద పెంచి పెద్దచేసిన మనిషి. గట్టిది. "మా అన్న కూతుర్ని తెచ్చుకున్నాను, పరాయిదాన్ని కాదు" అని పెళ్లిలో మురిసిపోయింది. అత్తను 'నువ్వు' అని పిలిచే చనువు కోడలికి ఉండేది. ఆ చనువు తప్ప ఆ ఇంట్లో ఆమె మాటకు వేరే విలువంటూ ఏమీ ఉండేది కాదు. పిల్లలు కలగకపోవడంతో అదీ తగ్గుతూ వచ్చింది.

పెళ్లయిన ఏడాదికే, అరవై ఒకటిలో, పాండురంగయ్యకు జబ్బు బయటపడింది. అప్పటికి ఇరవై ఏళ్లు. నెల తిరిగేసరికి మనిషి పుల్లలా అయిపోయాడు. బిందెలు బిందెలు నీళ్లు తాగేవాడు. బందరు తీసుకెళితే డాక్టరు షుగరు అన్నాడు, బిళ్లలతో లాభం లేదు, బతికినంత కాలం సూది వేసుకోవాల్సిందే అన్నాడు. నలభై దాటినవాళ్లకు, కూర్చుని తినే షావుకార్లకు వచ్చే జబ్బు, మగ్గం తొక్కి పొట్టపోసుకునే కుర్రాడికి రావడమేమిటని వీధంతా ముక్కున వేలేసుకుంది. చౌడేశ్వరమ్మ మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. ఆ రోజు నుంచి కొడుకు నోట తీపి పడకుండా చూడటమే తన వ్రతం అనుకుంది. ఇంట్లో బెల్లం, పంచదార ఉన్న డబ్బాలు తన మంచం కిందికి చేరాయి.

ఇన్సులిన్ సీసాలు రెండు, ఒకటి తేటది, ఒకటి మబ్బుది. తడి ఇసుక పోసిన కుండలో పెట్టేవాళ్లు. తెల్లవారగానే వెంకటరావమ్మ గాజు సిరంజిని గిన్నెలో వేసి మరిగించేది. ఏడింటికి ఆయన తొడకు తనే పొడుచుకునేవాడు. అంతకుముందు ఒక పరీక్ష ఉండేది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. షుగరు ఎక్కువుంటే ఇటుక రంగు, కొంచెం తగ్గితే పసుపు, ఇంకా తగ్గితే ఆకుపచ్చ. అసలు పోవడం లేదంటే నీలం నీలంగానే ఉంటుంది.

పాండురంగయ్య నేతగాడు. రంగు నూలును వెలుతురుకు పట్టి చూసి, ఇది రెండో ముంచులో తీసింది, ఇది మూడో ముంచులో తీసింది అని చెప్పగలిగినవాడు. ఆయన కంటికి ఆ గొట్టం కూడా రంగు నూలే అయింది. ఎంత చిక్కటి నీలం ఉంటే అంత గొప్ప అనుకున్నాడు. కాస్త ఆకుపచ్చ ఛాయ కనిపించినా ఆ పూట సూదిలో రెండు గీతలు ఎక్కించేవాడు, తిండిలో పిడికెడు తగ్గించేవాడు. నీలం నిలబడ్డ రోజు గొట్టాన్ని అరుగు మీదికి తెచ్చి పక్కింటి చౌడయ్యకు చూపించేవాడు.

"చూశారా బాబాయ్, అచ్చం నీలిమందు. పదేళ్ల రోగిష్టి గొట్టం ఇలా ఉంటుందా? డాక్టర్లే నోరెళ్లబెడతారు" అనేవాడు.

చౌడయ్య నేతగాళ్ల సొసైటీలో గుమాస్తాగా చేసి మానేసిన పెద్దమనిషి. ఆయనకూ పెద్దతనంలో షుగరు వచ్చింది, బిళ్లలతో నెట్టుకొస్తున్నాడు. "నీ నిగ్రహం నాకేదీ అబ్బాయ్" అని మెచ్చుకునేవాడు. ఆయన భార్య పద్మావతమ్మ కూడా గోడ మీంచి తొంగి చూసి మెచ్చుకునేది. నీలం కంటే కింద ఇంకో రంగు లేదనీ, ఒంట్లో షుగరు కాస్త తక్కువైనా, ప్రాణం మీదికి వచ్చేంత తక్కువైనా ఆ గొట్టం ఒకే నీలం చూపిస్తుందనీ ఆ అరుగు మీద ఎవరికీ తెలియదు.

మొదటి పదేళ్లలో షుగరు పడిపోతే ఆయనకే తెలిసేది. చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, పేగులు అరిచేంత ఆకలి వేసేది. మగ్గం గుంటలోంచి లేచి వచ్చి ఏ అరటిపండో తినేవాడు. పావుగంటలో మామూలు మనిషయ్యేవాడు. డెబ్బై ఒకటి, డెబ్బై రెండు నాటికి ఈ వణుకూ చెమటా మెల్లగా కనపడకుండా పోయాయి. ఆయన సంబరం చెప్పనలవి కాదు. జబ్బు తనకు లొంగిందనుకున్నాడు. చౌడేశ్వరమ్మ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది.

షుగరు పడిపోవడం మానలేదు. పడిపోతున్నప్పుడు ఒళ్లు చేసే హెచ్చరిక ఒక్కటే మానింది.

అది కనిపెట్టింది వెంకటరావమ్మ. కళ్లతో కాదు. మగ్గానికి నాలుగు బారల దూరంలో రాట్నం ముందు కూర్చుని ఆమె కండెలు చుట్టేది. ఆయన మగ్గం ఎలా ఆడుతుందో ఆమెకు కంఠతా వచ్చు. కాలు తొక్కిన కిర్రు, అడ్డపోగు మోసే నాడె దూసుకుపోయిన చప్పుడు, ఆ పోగును బిగించే పలక లాగి కొట్టిన దెబ్బ. మళ్లీ కిర్రు, నాడె, దెబ్బ. పొద్దున పదిన్నర, పదకొండు మధ్య ఒక్కోరోజు ఈ వరస చెడేది. మొదట ఎవరో తరుముతున్నట్టు వేగం పెరిగేది. తరవాత ఒక దెబ్బ పడాల్సిన చోట రెండు పడేవి. ఆ రెండోది అనవసరపు దెబ్బ. తరవాత కాలు తొక్కడం మరిచిపోయి నాడె ఊరికే పోయేది. అప్పుడు వెళ్లి చూస్తే ఆయన కళ్లు తెరిచే ఉండేవి, చేతులు ఆడుతూనే ఉండేవి. పిలిస్తే పలికేవాడు కూడా. మనిషి మాత్రం అక్కడ ఉండేవాడు కాదు.

"ఏమండీ, ఈ నీళ్లు తాగండి" అనేది పంచదార కలిపిన గ్లాసు పట్టుకుని.

"నాకేమైందనే? పో అవతలికి. పని చెడగొట్టకు."

"రెండు గుక్కలే. నా మాట వినండి."

"నన్ను చంపాలనుందా? తీపి పోస్తావా నా నోట్లో?" అని గ్లాసు విసిరికొట్టిన రోజులున్నాయి. ఆమె చెయ్యి కొరికిన రోజొకటి ఉంది. ఎలాగో నాలుగు గుక్కలు మింగించేది. పావుగంటకు మనిషి తిరిగి వచ్చేవాడు. వచ్చి, అంతకు ముందు జరిగిందేదీ గుర్తులేక, పెదాలకు అంటిన తీపి నాలుకకు తగిలి పెళ్లాం మీద విరుచుకుపడేవాడు. ఆ సాయంత్రం గొట్టంలో ఏ పసుపో కనిపిస్తే ఇక చెప్పనక్కర్లేదు. నేను కాపాడుకొస్తున్న నీలాన్ని ఇది చెడగొడుతోంది అని తల్లితో చెప్పేవాడు. బతికించిన ప్రతిసారీ ఆమె తిట్లు తినేది. ఏం చెయ్యాలి మరి? చచ్చిబతికినవాడికి తాను చావబోయాడని తెలియకపోతే బతికించినవాళ్లకు సాక్షి ఎవరు?

డెబ్బై మూడులో బెజవాడ పెద్దాసుపత్రికి ఇద్దరూ వెళ్లినప్పుడు అక్కడ అమలమ్మ అని ఒక నర్సు ఉండేది. గుణదల కొండ కింద కాపురం, మెడలో చిన్న సిలువ, నోరు మాత్రం కటువు. పాండురంగయ్య నీలం గొప్పలన్నీ ఓపిగ్గా విని అంది:

"నీలం అంటే షుగరు బయటికి పోవడం లేదని మాత్రమేనయ్యా. లోపల ఎంత అడుగంటిందో నీలానికేం తెలుసు? మీకు వణుకూ చెమటా ఆగిపోయాయంటే జబ్బు తగ్గిందని కాదు. ఏళ్ల తరబడి మాటిమాటికీ షుగరు పడిపోయినవాళ్లకు ఒళ్లు హెచ్చరించడం మానేస్తుంది. అది మంచి లక్షణం కాదు. సూది కాస్త తగ్గించుకోండి. పక్కనున్నవాళ్లు చూసి పంచదార పెడితే మాట్లాడకుండా తినండి."

పాండురంగయ్య తలూపాడు. బస్సెక్కాక, "సాటి ఆడది కదా, నీ మాటే మాట్లాడింది" అన్నాడు.

ఇంటికి వచ్చాక వెంకటరావమ్మ అత్తకు ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. చౌడేశ్వరమ్మ సాంతం విననేలేదు. "షుగరు రోగికి పంచదార పెట్టమందా? అది నర్సా, ఇంకేమన్నానా?" అని లేచిపోయింది. వెంకటరావమ్మ మర్నాడు మళ్లీ చెప్పింది. ఆ వారం మళ్లీ చెప్పింది. నేసిన బట్ట తెచ్చి చూపించింది. వరస చెడిన ప్రతి రోజు పనిలోనూ ఇంచుమించు ఒకే దూరాన బెత్తెడు మేర పేక కుక్కినట్టు ఉండేది, ఆ పైన వదులుగా ఉండేది. "ఇక్కడ చూడు అత్తా, ఇది పదకొండు గంటలప్పటిది. ఆయన ఆయనలో లేనప్పటిది" అని వేలు పెట్టి చూపింది. అత్త దిష్టి తగిలిందంది, ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. పాండురంగయ్య తన బట్ట తానే తడిమి చూసి, నూలు మంచిది రావడం లేదన్నాడు. పద్దెనిమిది వందల పోగుల్లో ఒక్కటి తెగితే వేలికొసతో పట్టేవాడు ఆ మాట అనడం విని ఆమె పెరట్లోకి వెళ్లి కాసేపు కూర్చుని వచ్చింది.

అప్పటినుంచి పంచదారను కొంగున ముడేసుకుని తిరిగేది. పద్మావతమ్మ ఒకనాడు గోడ మీంచి ఆ ముడి విప్పడం చూసింది. కోడలు అత్త డబ్బాలోంచి దొంగిలించి మొగుడికి తీపి తినిపిస్తోందనే మాట సాయంత్రానికి నాలుగిళ్లు దాటింది.

ఇలా నడుస్తూ ఉండగా డెబ్బై అయిదు ఎండాకాలంలో మగ్గానికి నిలువు పోగుల కొత్త పడుగు ఎక్కించారు. వాళ్ల ఇళ్లలో మగ్గం అంటే అమ్మవారే. కొత్త పడుగుకు పసుపు, కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, హారతిచ్చాకే మొదటి పోగు నేస్తారు. నెలలో ఆ మూడు రోజులూ ఆడది మగ్గం ఉన్న గదిలోకి అడుగు పెట్టకూడదు, నూలు తాకకూడదు. పెరట్లో పంచ కింద వేరే చాప, వేరే కంచం. వెంకటరావమ్మ సరిగ్గా పడుగెక్కించిన రోజునే బయట చేరింది. పంచలో కూర్చుని వింటోంది. పదిన్నర దాటాక మగ్గం పరుగు అందుకుంది. తరవాత జంట దెబ్బ పడింది.

"అత్తా! ఆయనకు పంచదార నీళ్లు పట్టు!" అని కేకేసింది.

"పూజ నాడు ఆ అరుపులేమిటే? నోరు మూసుకుని కూర్చో."

"జంట దెబ్బ పడుతోంది అత్తా. వినపడటం లేదా నీకు?"

"వాడు శుభ్రంగా నేస్తున్నాడు. కళ్లలో నిప్పులు పోసుకోకు."

మగ్గం ఆగింది. ఏదో బరువుగా ఒరిగిన చప్పుడయింది. వెంకటరావమ్మ ఇక ఆగలేదు. తడిక తోసుకుని గదిలోకి వచ్చేసింది. పాండురంగయ్య కొత్త పడుగు మీదికి తల వాల్చి గుడ్లు తేలేసి ఉన్నాడు. చంకల కింద చేతులేసి వెనక్కి లాగింది. కొంగు ముడి విప్పి పంచదార దవడలోకి తోసింది, నీళ్లు చేతిలో పోసుకుని చుక్క చుక్క జారవిడిచింది. ఆ తొక్కిసలాటలో పోగులు పది పదిహేను తెగాయి. దీపం ఆరింది. చౌడేశ్వరమ్మ గుండెలు బాదుకున్న చప్పుడుకు వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చింది.

వాళ్లందరి ముందు పాండురంగయ్య కళ్లు తెరిచాడు. చుట్టూ జనం. తల్లి ఏడుస్తోంది. మైలలో ఉన్న పెళ్లాం మగ్గం గుంటలో తన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొత్త పడుగు తెగి వేలాడుతోంది. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"నాకేమైందని చేశావే ఈ పని?"

"షుగరు పడిపోయిందండీ. తెలివి తప్పారు."

"నాకేమన్నా అయితే నాకు తెలియదా? కునుకు పట్టింది, అంతే! దానికి అమ్మవారిని మైలపరుస్తావా?"

అబద్ధం చెప్పలేదాయన. అదే ఘోరం. ఆయనకు నిజంగా ఏమీ అనిపించలేదు. జనంలో ఒక్కరన్నా ఆ అమ్మాయి వైపు మాట్లాడతారా అంటే, రోగి చెబుతున్నాడు నాకేమీ కాలేదని, ఇక మాట్లాడటానికేముంది?

పసుపునీళ్లు చల్లారు. పడుగు కోసి తీసేశారు. చౌడేశ్వరమ్మ తీర్మానం చెప్పేసింది. ఇకనుంచి ప్రతి నెలా తేదీ దగ్గరపడగానే కోడలు బెజవాడ భవానీపురంలో ఉన్న పుట్టింటికి వెళ్లాలి, అయిదో రోజు స్నానం చేసి రావాలి. ఇంట్లో ఉంటే మళ్లీ మగ్గం మీద పడదని నమ్మకమేమిటి? పాండురంగయ్య రాట్నం వైపు చూస్తూ కూర్చున్నాడు.

అలా తొమ్మిది నెలలు తొమ్మిది సార్లు వెళ్లింది. వెళ్లే ప్రతిసారీ అత్తకు అవే మాటలు అప్పగించేది.

"పదకొండింటికి మగ్గం విను అత్తా. ఒకటి పడాల్సిన చోట రెండు దెబ్బలు పడితే ఆలోచించకు. పంచదార నీళ్లు పట్టు. తిట్టినా పట్టు."

"సరే సరే, బస్సు పోతుంది, కదులు" అనేది అత్త. మగ్గం పక్క గూట్లో కోడలు పెట్టి వెళ్లిన పంచదార పొట్లాన్ని చీమలు పడుతున్నాయని చెప్పి తీసి పారేసేది.

పుట్టింట ఉన్నప్పుడు ఒకసారి ఆసుపత్రికి వెళ్లి అమలమ్మను వెతికి పట్టుకుంది. అంతా విని అమలమ్మ తల పట్టుకుంది. "మీ అత్తగారిని తీసుకురామ్మా, నేను చెబుతాను" అంది. "ఆవిడ రారండీ" అంది వెంకటరావమ్మ. "మీ ఆయన్ని?" అంటే, "ఆయనకు బాగానే ఉందంటారండీ" అంది. అమలమ్మ గుమ్మం దాకా వచ్చింది. వెళ్లేటప్పుడు భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మాత్రం చెప్పడం మానకు" అంది.

మానలేదు. అయినా జరగాల్సింది జరిగింది.

డెబ్బై ఆరు ఫిబ్రవరి. వెంకటరావమ్మ వెళ్లిన మూడో రోజు. ఆ పొద్దున గొట్టంలో ఆకుపచ్చ కనిపించిందట. పాండురంగయ్య సూదిలో రెండు గీతలు ఎక్కువ ఎక్కించి, తిండి సగం వదిలేసి గుంటలోకి దిగాడట. పదకొండు ప్రాంతంలో మగ్గం ఆగింది. చౌడేశ్వరమ్మ వెళ్లి చూస్తే కొడుకు పలక మీద తల ఆన్చి ఉన్నాడు. పాపం, అలిసిపోయాడనుకుంది. పద్మావతమ్మను పిలిచి, ఇద్దరూ పట్టి చాప మీద పడుకోబెట్టారు. గురక పెడుతున్నాడు. "ఎన్నాళ్లకు నిద్రపట్టింది నా తండ్రికి! అది ఉంటే నిద్రపోనిచ్చేదా?" అని దుప్పటి కప్పింది. ఈగలు వాలకుండా పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరింది. నాలుగు గంటలు విసిరింది. ప్రేమ లేక కాదు. ఆ ప్రేమను చూస్తేనే ఒళ్లు మండుతుంది. మూడు దాటాక లేపితే లేవలేదు. జట్కాలో బందరు తీసుకెళ్లేసరికి నాలుగున్నర అయింది.

భవానీపురం పక్క దుకాణానికి సొసైటీ నుంచి ట్రంకు కాల్ వచ్చింది. వెంకటరావమ్మ ఉన్నపళాన బందరు బస్సెక్కింది. ఉయ్యూరు దగ్గర పంచదార ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్లు రోడ్డు పొడుగునా నిలిచిపోయి ఉన్నాయి. బస్సు ముప్పావుగంట కదల్లేదు. తీపి వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. పక్కన కూర్చున్నావిడ చెరకు ముక్క ఇవ్వబోతే వెంకటరావమ్మ తల తిప్పుకుంది. ఊరిని ముంచెత్తేంత పంచదార అక్కడ, తన ఇంట్లో ఒక్క చెంచా పెట్టే చెయ్యి లేకపోయింది.

ఆసుపత్రి వరండాలో అత్త గోడకు ఆనుకుని ఉంది. లోపల పాండురంగయ్య చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. కళ్లు మూతపడే ఉన్నాయి. డాక్టరు పడుచువాడు, కోపిష్టి.

"పొద్దున్నుంచీ పక్కనే ఉండి ఒక్కరూ ఇంత పంచదార నోట్లో వెయ్యలేదా? అది పెట్టి ఉంటే ఇక్కడిదాకా తీసుకురావాల్సిన పనే లేదు. ఇప్పుడు మెదడు దెబ్బతింది, నేనేం చెయ్యను?" అని అప్పటికే ముసలమ్మ ముందు కేకలేసి ఉన్నాడు. తెల్లకోటు మగవాడు ఒక్కసారి అరిచాడు, చౌడేశ్వరమ్మ ఒక్క ముక్క ఎదురు చెప్పకుండా నమ్మింది.

కోడల్ని చూడగానే చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూ అడిగింది:

"పంచదార పెడితే బతుకుతాడటగదే. నాకెందుకు చెప్పలేదే నువ్వు?"

వెంకటరావమ్మ అత్త ముఖంలోకి చూసింది. అత్త దెప్పడం లేదు, తప్పించుకోవడం లేదు. నిజంగానే అడుగుతోంది. ఆ ముఖంలో ఎంత వెతికినా, చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా అక్కడ నిలిచిన జాడ లేదు. కొడుక్కి ఒంట్లో జరిగింది ఒంటికి తెలియనట్టే, తల్లికి చెవిలో పడింది మనసుకు తెలియలేదు. జబ్బున్నవాడికైతే అది జబ్బు అనుకోవచ్చు. ఈవిడకేమిటి?

"చెప్పాను అత్తా" అంది. "వెళ్లే ప్రతిసారీ చెప్పాను."

చౌడేశ్వరమ్మ ఏడుపు మధ్య ఆ మాట కూడా విననేలేదు. పాండురంగయ్య రెండు రోజులు అలాగే ఉండి మూడోనాటి తెల్లవారుజామున పోయాడు. ముప్ఫై అయిదేళ్లు.

ఆ ఇంటి మగ్గం అమ్మేశారు. వెంకటరావమ్మ వేరేవాళ్లకు కండెలు చుట్టసాగింది. పుట్టింటివాళ్లు రమ్మన్నారు కానీ, ముసలమ్మకు గంజి కాచిపోసే దిక్కు లేదని ఉండిపోయింది. ఉండిపోయిన పుణ్యానికి ఇంకో రెండేళ్లకు చూడాల్సింది మరొకటి చూసింది.

చౌడేశ్వరమ్మ ఊరికే కూర్చోలేదు. కొడుకు పోయిన దుఃఖం వీధిలో పంచిపెట్టింది. ఎవరింట్లో షుగరు ఉందని విన్నా వెళ్లి చెప్పేది: "మత్తుగా కనిపించినా, మాట తేడాగా ఉన్నా ముందు పంచదార పెట్టండమ్మా. నేను తెలియక నా బిడ్డను పోగొట్టుకున్నాను." కన్నీళ్లతో చెప్పేది కాబట్టి అందరూ వినేవారు. కొడుకును పోగొట్టుకున్న పెద్దావిడ మాట కాబట్టి చెవిన వేసుకునేవారు. అవే మాటలు, అదే వరస, చివరికి "తిట్టినా పట్టండి" అనే ముక్కతో సహా. వెంకటరావమ్మ రాట్నం ముందు కూర్చుని తన మాటలు తనే వినేది.

డెబ్బై ఎనిమిదిలో ఒక ఏకాదశి నాడు పక్కింటి చౌడయ్య పొద్దున్నే షుగరు బిళ్ల వేసుకుని ఉపవాసం ఉన్నాడు. మధ్యాహ్నానికి పొంతన లేని మాటలు మొదలుపెట్టాడు. పద్మావతమ్మకు ముసలమ్మ చెప్పింది గుర్తొచ్చింది. గబగబా పంచదార నీళ్లు కలిపి, ఏకాదశి అని గొణుగుతున్నా వినకుండా పట్టించింది. అరగంటలో ఆయన లేచి కూర్చుని కాలక్షేపానికి పేపరు అడిగాడు.

మర్నాడు పద్మావతమ్మ అరటి గెలలోంచి రెండు హస్తాల పళ్లు కోసుకుని వచ్చింది. చౌడేశ్వరమ్మ ముందు పెట్టి కాళ్లకు దండం పెట్టింది. వీధిలో ఆడవాళ్లు నలుగురైదుగురు గుమ్మంలో చేరారు.

"మీరు చెప్పబట్టి మా ఆయన దక్కాడు అక్కగారూ. మీ నోటి మాటే మందయింది మాకు."

చౌడేశ్వరమ్మ కళ్లు తుడుచుకుంది. పద్మావతమ్మ వెంకటరావమ్మ వైపు తిరిగింది. జాలిగానే తిరిగింది.

"ఏమోనమ్మా, అనకూడదు గానీ... పెద్దావిడకు తెలిసిన ఈ చిన్న సంగతి నీకు అప్పట్లో తెలిసుంటే పాండురంగం ఇవాళ మన మధ్య ఉండేవాడు కదా. కట్టుకున్నదానివి, నువ్వేమో ఆ రోజు ఊళ్లోనే లేకపోతివి."

రాట్నం ఆగింది. వెంకటరావమ్మ పద్మావతమ్మ వంక చూడలేదు, అత్త వంక చూసింది. ఇప్పుడన్నా, ఇంతమంది ముందు, ఒక్క మాట. "అది నాకు చెప్పింది, నేనే వినలేదు" అని ఒక్క మాట అంటే చాలు. మొగుడు తిరిగి రాడు. కానీ నాలుగేళ్లు తను విన్నది నిజమని, చెప్పింది నిజమని ఎవరో ఒకరి నోట ఒక్కసారి వింటే చాలు. అంత ఆశగా ఆమె ఆ ఇంట్లో ఎవరి ముఖమూ ఎన్నడూ చూడలేదు.

చౌడేశ్వరమ్మ అరటిపళ్లు ఒళ్లోకి తీసుకుని నిట్టూర్చింది.

"దాన్నేమీ అనకు పద్మావతీ. చిన్నది, దానికేం తెలుసు? దాని రాత అలా ఉంది."

అంత జరిగినా కోడల్ని పల్లెత్తు మాట అననివ్వలేదు, అత్తంటే అలా ఉండాలి అని ఆ సాయంత్రం వీధంతా చెప్పుకుంది.